పదిహేడు మార్పులు, ఒక ర్యాంపు

అనుకున్నది అనుకున్నట్టు భవనం కట్టేవాళ్ళని ప్రభుత్వం వెంటనే అరెస్టు చేయాలి!

కోపం తెచ్చుకోకండి. నేను గొడవల మనిషిని కాను. పొద్దున్నే దీపం పెట్టి, సహస్రనామం చదువుకుని, గురువారాలు దిల్‌సుఖ్‌నగర్ బాబా గుడి క్యూలో నిలబడి, ఆ తర్వాతే ఆఫీసు బస్సెక్కే గృహస్థుని. ఇంటర్మీడియట్, టైపు లోయరు... నా చదువు అంతే. అయినా ఇరవై రెండేళ్ళుగా ఒక విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుగా కాగితాలు టైపు చేస్తున్నాను కాబట్టి, భవనాల గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటాను. విశ్వవిద్యాలయం పేరు మాత్రం అడగకండి. ఈ రోజుల్లో రాష్ట్రం పేరే రేపు ఏమిటో తెలియదు, ఇక మాదెంత?

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద కొంచెం ముందుకు వెళితే మా పీజీ కాలేజీ కొత్త భవనం కనిపిస్తుంది. నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టారు. ఇప్పటికి దానికి పదిహేడు వేరియేషన్ ఆర్డర్లు. పదిహేడూ ఈ చేతులతో టైపు చేసినవే!

వేరియేషన్ ఆర్డరు అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. నక్షా గీసి, టెండరు పిలిచి, ఒప్పందం మీద సంతకాలన్నీ అయ్యాక, గోడ నడుము దాకా లేచాక, "అలా కాదు, ఇలా కట్టు" అని కాంట్రాక్టరుకి ఇచ్చే కాగితం అది. లోకం దీన్ని ఆలస్యం అంటుంది, వృథా అంటుంది. లోకానికి దూరదృష్టి తక్కువ.

సాక్షాత్తు భగవంతుడే లోకం కోసం పదిసార్లు రూపం మార్చాడు. చేప సరిపోలేదని తాబేలు, తాబేలు సరిపోలేదని వరాహం! ఆయన్ని ఎవరైనా "ముందే సరిగ్గా ఆలోచించలేదా స్వామీ" అని అడిగారా? మరి మా కాలేజీ పదిహేడుసార్లు మారితే అంత తప్పా?

శంకుస్థాపన రాయి సంగతే తీసుకోండి. ముందు చెక్కించిన పేరుగల పెద్దమనిషి ముహూర్తానికి నాలుగు రోజుల ముందు తెలంగాణ ఉద్యమం కోసం రాజీనామా చేశాడు. రెండో రాయి చెక్కించాం. ఆయన రాజీనామా చేయలేదని కాలేజీ పిల్లలు ఆయన్ని గేటు లోపలికి రానివ్వలేదు. మూడో రాయి మీద ఎవరి పేరూ వేయలేదు. పై అంచున ఒక గీత, కింద తారీఖు, మధ్యలో తళతళలాడే ఖాళీ. ఇప్పటికీ గోనెసంచి కప్పుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఎవరినీ నొప్పించని శిలాఫలకం దేశంలో ఇంకెక్కడైనా చూశారా? ఇది మొదటి ఆర్డరు ఫలం!

నాలుగో ఆర్డరు ఇంకా గొప్పది. అసలు నక్షాలో రోడ్డు వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. వెలుతురు, గాలి, విద్యార్థుల వికాసం అని ఏవేవో రాశారు. ఇంతలో ఉద్యమం వేడెక్కింది. ఇటునుంచి రాళ్ళు, అటునుంచి బాష్పవాయువు. కిటికీలు ఇటుకలతో మూసేయమని ఆర్డరు. మూశాక క్లాసు గదుల్లో పట్టపగలు చీకటి. కాబట్టి లైట్లు పెంచమని ఐదో ఆర్డరు. లైట్లకి కరెంటు చాలక జనరేటరు పెట్టమని ఆరోది. ఒక ఆర్డరు ఇంకో ఆర్డరుని కని పెంచే ఈ మాతృత్వం మామూలు ఒప్పందాల్లో ఉంటుందా?

ఏడోది పోర్టికో. కొత్తగా వచ్చిన వైస్ ఛాన్సలరు గారి కారు పాతాయన కారుకంటే జానెడు ఎత్తు. ఎనిమిదోది కూడా పోర్టికోనే. ఆయన కారు మార్చారు.

ఇక పదకొండు, పన్నెండు, పదమూడు. ఇవి నాకు పిల్లలంత ఇష్టం.

క్లాసులకంటే ముందే మా ఆఫీసు చేరిన స్టాఫ్ రూము ఒక్కటే పెద్ద హాలు. ఉద్యమం ముదిరాక అటువాళ్ళు, ఇటువాళ్ళు ఒక గదిలో కూర్చోవడం క్షేమం కాదని మధ్యలో గోడ కట్టమని పదకొండో ఆర్డరు. కట్టారు. తీరా చూస్తే టీ కాచే స్టవ్ కోస్తా వాళ్ళ వైపు ఉండిపోయింది, మంచినీళ్ళ కుళాయి తెలంగాణ వాళ్ళ వైపు ఉండిపోయింది. దాంతో గోడకి ఒక కంత పెట్టమని పన్నెండో ఆర్డరు. కంత కొలత కూడా నేనే టైపు చేశాను: "గ్లాసు పట్టేంత, తల పట్టనంత."

ఆ కంత దగ్గర రోజూ జరిగిన చర్చలు ఢిల్లీలో కూడా జరిగి ఉండవు. ఇటువైపు మా అకౌంట్సు సెక్షన్ దశరథ, యాదగిరిగుట్ట దగ్గర మనిషి. అటువైపు మా డీఈ పట్టాభి గారు, బందరు నుంచి వచ్చిన ఇంజనీరు.

"పట్టాభి సార్, నిన్న గదేం చాయ్? జర చక్కెర తగ్గియ్యమనుండ్రి. మీ దిక్కు తీపి మాటలెక్కువ, చాయ్ గూడ అట్లనే ఉండె."

"ముందు నీళ్ళు వదలండి దశరథ గారూ. పొద్దున్నుంచి కుళాయి కట్టేసి కూర్చున్నారు. టీ దేంతో కాయమంటారు?"

"మా నీళ్ళు మాకు ఇడిసిపెట్టుండ్రి అంటె ఇన్నరా? ఇప్పుడు చాయ్‌కి యాదికొచ్చినయా?"

"మీ నీళ్ళే లెండి, కాదన్నదెవరు! ఓ నాలుగు గ్లాసులు ఇటు తోయండి. మీ గ్లాసూ ఇక్కడే ఖాళీగా ఉంది మరి."

ఇద్దరూ నవ్వుకునేవారు. నీళ్ళు అటు పోయేవి, టీ ఇటు వచ్చేది. ఆరు నెలలకి కాంటీను ఇడ్లీ సైజు తగ్గించింది. రెండు సంఘాలూ కలిసి ఒకే టెంటు కింద ధర్నా చేశాయి. ఇక గోడ ఎందుకని కూల్చమన్నారు. అది పదమూడో ఆర్డరు. జాతీయ సమైక్యతకి వేరియేషన్ ఆర్డరు చేసినంత సేవ ఇంకేం చేసింది?

చిల్లర ఆర్డర్ల సంగతి వదిలేయండి, తొమ్మిదోది కూడా చెప్పకుండా దాటేశానని మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్ళు గమనించే ఉంటారు. దాటేయడానికి కారణం ఉంది. అది నా సొంతం.

భవనానికి తూర్పు ముఖం. నాలుగు మెట్లెక్కి లోపలికి పోవాలి. మెట్ల పక్కన, సరిగ్గా ఈశాన్య మూలలో, చక్రాల బండ్లు ఎక్కడానికి ఒక వాలు దారి గీశారు అసలు నక్షాలో. ర్యాంపు అంటారు. ఎత్తు రెండడుగులు, పొడవు ఇరవై నాలుగడుగులు. మెల్లగా, గుడి చుట్టూ తిరిగినట్టు ఎక్కవచ్చు.

నాకు నక్షాలు చదవడం అంతగా రాదు కానీ దిక్కులు తెలుసు. ఈశాన్యం దేవుడి మూల. అక్కడ ఎత్తు పెట్టకూడదు, బరువు వేయకూడదు. ర్యాంపుకి ముగ్గు పోసిన నెలలోనే స్లాబు పోస్తుంటే వాన పడింది, పట్టాభి గారికి షుగరు పెరిగింది, మిక్సరు రెండుసార్లు చెడింది. నేను ఊరుకోలేకపోయాను.

"సార్, చిన్నవాణ్ణి చెబుతున్నానని అనుకోకండి. ఈశాన్యంలో ఆ దిబ్బ ఉన్నంతకాలం ఈ భవనం పూర్తికాదు."

పట్టాభి గారు నక్షా తిప్పి చూశారు. కళ్ళజోడు తీశారు.

"నిజమేనయ్యా శ్రీరామమూర్తీ! ఇంతమంది ఇంజనీర్లం, ఒక్కడి కంటా పడలేదే! టైపు చేసుకురా, సంతకం పెడతాను."

టైపు చేశాను. "ఈశాన్య మూలలోని ర్యాంపును తొలగించి, ఆ స్థలమును ఖాళీగా ఉంచవలెను. ర్యాంపును అనువైన చోట తదుపరి ఏర్పాటు చేయవలెను." నా సలహా మీద పుట్టిన మొదటి ఆర్డరు! ఆ గురువారం గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, ఇంటికి లడ్డూలు తీసుకెళ్ళాను. విశ్వవిద్యాలయానికి అరిష్టం తప్పించిన గుమాస్తాని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అనువైన చోటు మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. వెతకమని ఎవరికీ ఆర్డరు ఇవ్వలేదు కదా!

పోయిన జూలైలో కింది అంతస్తులో క్లాసులు మొదలయ్యాయి. పై అంతస్తులో ఇంకా పని నడుస్తోంది. మొదటి రోజు పొద్దున తొమ్మిదిన్నరకి నేను మెట్ల దగ్గర నిలబడి, ఖాళీగా, చల్లగా ఉన్న ఈశాన్యాన్ని చూసుకుని మురిసిపోతున్నాను. అప్పుడు గేటులోంచి మా సైటు మేస్త్రీ అంతయ్య మూడు చక్రాల బండి ఒకటి తోసుకుంటూ వచ్చాడు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడే కిరాయికుండే మనిషి. బండిలో ఇరవై రెండేళ్ళ అమ్మాయి. కాళ్ళు సన్నగా, ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి. చిన్నప్పుడే పోలియో అట.

మెట్ల దగ్గర బండి ఆపి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆ అమ్మాయి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. అంతయ్య లేచాడు. నాలుగు మెట్లు ఎక్కేసరికి రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. లోపల కుర్చీలో కూర్చోబెట్టి, తాపీ తీసుకుని పైకి పనికి పోయాడు.

ఆ పిల్ల పేరు సంధ్యారాణి. ఎంట్రన్సులో ర్యాంకు తెచ్చుకుని చేరింది. ఏ సబ్జెక్టో తెలుసా? ప్రభుత్వ పాలన!

ఒకరోజు మధ్యాహ్నం ఆమె మెట్ల కింద బండిలోనే కూర్చుని ఉంది. లోపల పాఠం వినిపిస్తోంది. అడిగాను.

"నాయన పైన స్లాబ్ కాడ ఉన్నడు సార్. సిమెంటు మాలు కలిపిండ్రంట, ఇడిసిపెట్టి రానియ్యరు. ఆయనొస్తేనె నేను లోపలికి."

"ఎవరినైనా సాయం అడగకపోయావా అమ్మా?"

"అడుగుత సార్. కానీ ఈడొచ్చిన పిల్లను గదా, ఎత్తుకోమని ఎవలను అడగాలె? ఆడపిల్లలు ఇద్దరు పట్టుకుంటరు, ముగ్గురం కింద పడ్తం. అయ్యింది ఒకసారి." నవ్వింది. "తండ్రి ఈపు మీద పీజీ చదివేటిది ఇండియా మొత్తంల నేనొక్కదాన్నే. నా మార్క్స్ మెమోల ఆయన పేరు గూడ రాయాలె."

నేనూ నవ్వబోయాను. రాలేదు.

"సార్, మీరు ఇంజనీరింగ్ సెక్షనంట గద. నక్షల ర్యాంప్ ఉండెనని నాయన చెప్పిండు. ఎటు పోయిందది?"

దేవుడి మూలకి బరువవుతుందని తీయించాను తల్లీ, అని చెప్పగలనా? "అనువైన చోట తదుపరి..." అన్నాను.

"డెబ్భై అయిదు శాతం హాజరు లేకుంటె పరీక్షకు కూసోనియ్యరు సార్. నాది ఇప్పటికి అరవై ఒకటి. మా నాయనకు నడుము పట్టేసింది. జర ఆ తదుపరి ఎప్పుడో తెలుసుకోండ్రి."

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్య నాగేశ్వరికి సంగతంతా చెప్పాను. శాస్త్రం శాస్త్రమే కదా అని కూడా అన్నాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏమండీ, మనింటి ఈశాన్యంలో మీ చెడిపోయిన స్కూటరు తొమ్మిదేళ్ళుగా పడుందిగా. అది బరువు కాదూ?"

"అది... దాన్ని అమ్మేద్దామనే..."

"దాన్ని మోస్తున్న దేవుడు ఆ పిల్లని మోయలేకపోయాడా? మీరే దించేశారు."

పాఠకులారా, నేను ప్రశ్నించే మనిషిని కాను. కానీ మర్నాడు పూజలో కూర్చుంటే సహస్రనామం ముందుకు కదల్లేదు. దేవుడికోసం ఖాళీ చేయించిన మూలలో దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఆ మూల పక్కనే ఒక తండ్రి వంగి కూర్చోవడం మాత్రం రోజూ చూస్తున్నాను.

నోటు పెట్టాను. ర్యాంపు తిరిగి కట్టడానికి పద్దెనిమిదో వేరియేషన్ ఆర్డరు ఇప్పించమని. పట్టాభి గారు చదివి నీరసంగా నవ్వారు.

"తీయించింది నువ్వేగా శ్రీరామమూర్తీ!"

"తప్పయింది సార్."

"తప్పో ఒప్పో, టైము దాటిపోయింది. పదిహేడు మార్పులేంటని ఆడిట్ వాళ్ళు అడిగారు. ఇకమీదట ఒక్క మార్పు కూడా వద్దని బిల్డింగ్ కమిటీ మొన్ననే తీర్మానం చేసింది. పాపం ఆ పిల్ల సంగతి నాకూ బాధగానే ఉంది. రూలు రూలేగా."

చూశారా ఎంత న్యాయమో! కారు జానెడు ఎత్తు కోసం మారిన భవనం, టీ గ్లాసు కోసం మారిన భవనం, ఒక ఆడపిల్ల వంతు వచ్చేసరికి క్రమశిక్షణలో పడింది. సంస్కరణ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా? ఆ చక్రాల దగ్గర మొదలుపెట్టారు.

అక్టోబరులో నలభై ఎనిమిది గంటల బంద్ పిలిచారు. గురు, శుక్రవారాలు. ఆ వెంటనే శని, ఆదివారాలు సెలవు. బస్సులు లేవు, షేర్ ఆటోలు లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద ఉద్యమకారుల వంటా వార్పూ. నేను గుడికి పోలేదు. బీరువాలోంచి ముందురోజే తెచ్చుకున్న అసలు నక్షా చంకలో పెట్టుకుని, కొత్తపేటలోని ఇంటి నుంచి సైటుకి నడిచాను.

అంతయ్య, భార్య ఈరమ్మ సైటులో కాపలాకి ఉన్నారు. నక్షా నేల మీద పరిచాను.

"ఆర్డర్ అయ్యిందా సార్?"

"కాలేదు."

"మరి ఎట్ల కడ్తం?"

"ఇది ఆర్డర్లు పుట్టకముందు కాగితం అంతయ్యా. ఒప్పందం మీద సంతకాలు పడింది దీనికే."

అంతయ్య వేలితో గీతలు తడిమాడు. "నాలుగేండ్ల సంది పని చేస్తున్న. అసలు నక్ష సూసుడు ఇదే మొదలు. మాకు ఎప్పుడు మార్చిన కాయిదమే ఇస్తరు."

"సూసుడు సాలు గని, సార్‌కు తట్ట ఎత్తుడు వస్తదా అడుగు," అంది ఈరమ్మ. "బాపనాయనలెక్క ఉన్నడు, నడుము పట్టేస్తె ఈయనను గూడ నువ్వే మొయ్యాలె."

మోశాను. స్టాఫ్ రూములో కట్టి కూల్చిన గోడ ఇటుకలు వెనక కుప్పగా ఉన్నాయి. సిమెంటు నేను ముందే కొని పెట్టాను. అంతయ్య దారం కట్టి, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు చొప్పున, నక్షాలో ఎంత ఉందో అంతే కట్టాడు. అంగుళం పెంచలేదు, అంగుళం తగ్గించలేదు. శుక్రవారం సాయంత్రానికి పైన కాంక్రీటు వేశాడు. శని, ఆదివారాలు ఈరమ్మ గోనెసంచులు కప్పి నీళ్ళు పోసింది. ఇంకో వారం ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు.

ఆ తర్వాతి సోమవారం తొమ్మిదిన్నరకి సంధ్యారాణి బండి ర్యాంపు మొదట్లో ఆగింది. అంతయ్య అలవాటుగా వెనక్కి తిరిగి కూర్చోబోయాడు.

"లెవ్వు నాయన. ఇగ నీ డ్యూటీ అయిపోయింది," అంది.

చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కింది. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. పైకి చేరాక వెనక్కి తిరిగి, మళ్ళీ కిందికి జారి, మళ్ళీ ఎక్కింది. అవసరం ఏమీ లేదు. ఊరికే!

హాజరు డెబ్భై రెండు దాకా వచ్చింది. ఇంకో మూడు వారాలు వదలకుండా వస్తే పరీక్షకి కూర్చుంటుంది.

ఇంతలో కమిటీ తనిఖీకి వచ్చింది. కిటికీల్లేని గోడలు చూశారు, సరే అన్నారు. పేరు లేని రాయి చూశారు, సరే అన్నారు. ఈశాన్యంలో ర్యాంపు చూసి ఆగిపోయారు. దీనికి ఆర్డరేది?

నాలుగేళ్ళలో ఎన్నడూ కదలనంత వేగంగా ఫైలు కదిలింది. మధ్యాహ్నానికి నోటు, సాయంత్రానికి సంతకాలు. "అనుమతి లేని నిర్మాణము. వెంటనే తొలగించవలెను." కొత్త మార్పులు వద్దన్న తీర్మానం ఏమైందని అడిగాను. కూల్చడం మార్పు కాదట, దిద్దుబాటట. కట్టినవాణ్ణి పనిలోంచి తీసేయమని కాంట్రాక్టరుకి చెప్పారు. ఆ ఉత్తర్వు కూడా నాకే టైపుకి వచ్చింది.

టైపు చేయడానికి ముందు, గుమాస్తా బుద్ధి కదా, అసలు నక్షా పక్కన పెట్టుకుని భవనమంతా తిరిగాను. నక్షాలో ఉన్న కిటికీలు గోడల్లో లేవు. పోర్టికో నక్షాలోది కాదు. మెట్ల వెడల్పు రెండంగుళాలు తేడా. హాళ్ళు గదులయ్యాయి, గదులు స్టోర్లయ్యాయి. ఈ మొత్తం భవనంలో ఒప్పందం ప్రకారం, సంతకాల ప్రకారం, గీసింది గీసినట్టు ఉన్నది ఒక్కటే. ఆ ర్యాంపు! అనుమతి లేనిది కూడా అదొక్కటే!

ఉత్తర్వు టైపు చేయలేదు. కట్టించింది అంతయ్య కాదు, నేను అని రాసిచ్చాను. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. ఇవాళ ఆరో రోజు.

ఇదే నా సంజాయిషీ. ఆఫీసుకి మూడు ప్రతులు ఇచ్చాను, నాలుగోది మీకు.

అయ్యా కమిటీవారూ, తీయించినప్పుడు నన్ను మెచ్చుకున్నారు, పెట్టించినప్పుడు మెమో ఇచ్చారు. రెండూ శిరసావహిస్తాను. అంతయ్యని మాత్రం పనిలో ఉంచండి. కూల్చదలిస్తే కూల్చండి. ఒక్క మనవి. గడ్డపారలు పట్టుకుని తెల్లవారుజామునో, సెలవు రోజో రాకండి. మీరందరూ కలిసి పొద్దున తొమ్మిదిన్నరకి రండి.

ఆ సమయానికి ఆ అమ్మాయి దాని మీద ఉంటుంది.